బెంటోనైట్‌తో రంగునీళ్ళు తేరుతాయా? నూలు అద్దకం యూనిట్ నడిపేవారి ప్రశ్నకు సమాధానం

చదివే మిగతావారికీ తెలియడానికి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మంగళగిరి దగ్గర చేనేత కుటుంబాలకు నూలు చిలపలకు (నూలు కట్టలకు) రంగు వేసి ఇచ్చే చిన్న యూనిట్ మీది. రోజుకు సుమారు 100 కిలోల నూలు వేస్తారు, దాదాపు 10,000 లీటర్ల నీళ్ళు బయటికి వస్తాయి, రంగులు చాలామటుకు రియాక్టివ్ రకం, అంటే నూలుతో రసాయన బంధం కట్టుకునేవి. బెంటోనైట్ మట్టి నీళ్ళలోని రంగును 98 శాతం తీసేస్తుందని ఒక పరిశోధన పత్రంలో చదివారు. గుజరాత్ నుంచి ఒక లారీ లోడు తెప్పించుకుంటే సరిపోతుందా, లేకపోతే షెడ్డు వెనుక ఉన్న రేగడి భూమిలోకే నీళ్ళు వదిలితే ఆ మట్టే రంగును పట్టుకోదా అని అడిగారు.

లారీకి ఇప్పుడే ఆర్డరు పెట్టకండి. రేగడి భూమిలోకి మాత్రం ఎప్పటికీ వదలకండి. బంకమట్టి ఖనిజాలు రంగును తీయలేవని నేను అనడం లేదు. కొన్ని రకాల రంగులను అవి తీసినంత చవకగా, వేగంగా మరేదీ తీయలేదు. అయితే మీరు చదివిన పత్రంలోని రంగు, మీ తొట్టిలోని రంగు ఒకే జాతివి కావు. ఈ తేడా తెలిస్తే మట్టిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో మీరే నిర్ణయించుకోగలుగుతారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బెంటోనైట్ పేరుతో బస్తాల్లో వచ్చే మట్టిలో ప్రధాన ఖనిజం మాంట్‌మోరిలోనైట్. రెండు సిలికా పలకల నడుమ ఒక అల్యూమినా పలక అతుక్కుని ఒక పొర అవుతుంది. ఆ పొర మందం దాదాపు ఒక నానోమీటరు. నడిమి పలకలో అల్యూమినియం ఉండవలసిన చోట్ల అక్కడక్కడా మెగ్నీషియం చేరి ఉంటుంది. అల్యూమినియానికి మూడు ధనావేశాలు, మెగ్నీషియానికి రెండే కనుక, అలా చేరిన ప్రతిచోటా పొరకు ఒక రుణావేశం మిగిలిపోతుంది. ఖనిజం పుట్టుకతోనే వచ్చిన ఆవేశం కాబట్టి నీళ్ళ పీహెచ్ మార్చినంత మాత్రాన అది పోదు. దాన్ని సరితూచడానికి పొరల మధ్య సోడియం, కాల్షియం వంటి ధన అయాన్లు వచ్చి కూర్చుంటాయి. వాటి పట్టు గట్టిది కాదు. తమకంటే బలంగా అతుక్కునే ధన అయాన్ ఏదైనా నీళ్ళలో కనిపిస్తే దానికి చోటిచ్చి ఇవి బయటికి వచ్చేస్తాయి. మట్టి రంగును పట్టుకోవడం అంటే ప్రధానంగా ఈ మార్పిడే.

ఈ మార్పిడికి ఎంత చోటుందో చెప్పే కొలతను ధన అయాన్ల మార్పిడి సామర్థ్యం అంటారు. మంచి మాంట్‌మోరిలోనైట్‌కు అది 100 గ్రాములకు 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్ల (ఆవేశాన్ని లెక్కగట్టే ప్రమాణం) దాకా ఉంటుంది. చీనా మట్టిలో ఉండే కయోలినైట్‌కు 3 నుంచి 15 మాత్రమే. పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించే మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు, దాని అణుభారం సుమారు 320. కాబట్టి 100 మిల్లీ ఈక్వివలెంట్ల సామర్థ్యం ఉన్న బెంటోనైట్ ఒక గ్రాముకు దాదాపు 320 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూను పట్టాలి, 5 మిల్లీ ఈక్వివలెంట్ల చీనా మట్టి 16 మిల్లీగ్రాముల దగ్గరే ఆగాలి. పత్రాల్లో వచ్చే అంకెలు ఈ లెక్కకు అటూ ఇటూగానే ఉంటాయి. అందులో ఇంద్రజాలమేమీ లేదు, మట్టి ఆవేశం ఎంతో రంగు అంత.

ఈ లెక్క ఎంత నమ్మదగినదంటే, దాన్ని తిరగేసి మట్టి నాణ్యతను కొలవడానికే వాడుతున్నారు. పోత పోసే ఫౌండ్రీల్లో ఇసుకలో పనిచేసే బంకమట్టి ఎంత మిగిలి ఉందో తెలుసుకోవడానికి మట్టిని నీళ్ళలో కలిపి, మిథిలీన్ బ్లూ ద్రావణాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ, పోసిన ప్రతిసారీ గాజు కడ్డీతో ఒక చుక్క తీసి వడపోత కాగితం మీద పెడతారు. మట్టిలో ఇంకా చోటున్నంతసేపూ నడుమ ముదురు నీలి మచ్చ పడుతుంది, దాని చుట్టూ పాకే తడి మాత్రం రంగు లేకుండా తెల్లగానే ఉంటుంది. చోటు నిండిపోగానే ఆ తడి అంచున లేత నీలి వలయం కనిపిస్తుంది. అక్కడ ఆపి, పోసినదెంతో లెక్క కడతారు. మీరు ఎప్పుడైనా బెంటోనైట్ కొంటే నమూనా మీద ఈ పరీక్ష చేయించుకోండి. బస్తా మీద ఏం అచ్చువేసి ఉన్నా, ఆ వలయం ఎప్పుడు వచ్చిందన్నదే అసలు లెక్క.

ఇప్పుడు మీ రంగుల సంగతి. రియాక్టివ్ రంగులు 1956లో ప్రోసియాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి నూలు అద్దకంలో క్రమంగా ముందుకొచ్చి, ఇప్పుడు మీవంటి యూనిట్లకు అవే ఆధారం. అవి నీళ్ళలో బాగా కరగడానికి అణువులో సల్ఫోనేట్ గుంపులు పెడతారు, ఆ గుంపులకు రుణావేశం. రుణావేశం ఉన్న మట్టి, రుణావేశం ఉన్న రంగును దగ్గరికి రానివ్వదు. పట్టుకు వేసే యాసిడ్ రంగులదీ, డైరెక్ట్ రంగులదీ ఇదే తీరు. మట్టి పలకల అంచుల్లో ఉండే అల్యూమినియం హైడ్రాక్సిల్ గుంపులు ఆమ్ల నీళ్ళలో ధనావేశం పొందుతాయి కనుక కొద్దిపాటి రంగు అక్కడ అతుక్కుంటుంది. అయితే మీ అద్దకం నీళ్ళు సోడా యాష్ వల్ల పీహెచ్ 10.5, 11 దగ్గర ఉంటాయి, అక్కడ ఆ కొద్దిపాటి అవకాశమూ పోతుంది.

నా మాట మీద నమ్మనక్కరలేదు, రెండు గాజు గ్లాసులతో మీరే చూడవచ్చు. చెంచాడు బెంటోనైట్‌ను ముందురోజే నీళ్ళలో నానబెట్టి రెండు గ్లాసుల్లోనూ సమంగా పోయండి. పొడిని నేరుగా నీళ్ళలో గుమ్మరిస్తే పైన జిగురు పొర కట్టి లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది, అందుకే నానబెట్టమన్నాను. ఒక గ్లాసులో అక్వేరియం చేపల దుకాణంలో దొరికే మిథిలీన్ బ్లూ కొన్ని చుక్కలు, రెండో దానిలో మీ తొట్టిలోని రియాక్టివ్ నీలం కొంచెం వేసి కలపండి. మొదటి గ్లాసులో చూస్తుండగానే మట్టి నీలం పీల్చుకుని, ఆ నీలం కొంచెం ఊదా ఛాయకు తిరిగి, రేకులు రేకులుగా విరిగి అడుగుకు దిగుతుంది, పైన తేట నీళ్ళు మిగులుతాయి. రెండో గ్లాసులో మట్టి దిగినప్పుడు దాదాపు తన రంగులోనే దిగుతుంది, పైన మీ నీలం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఇక మీదట ఏ కొత్త రంగు కొన్నా, మట్టి దాన్ని పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఈ గ్లాసు చాలు.

మరి పత్రాల నిండా మిథిలీన్ బ్లూ, మలకైట్ గ్రీన్, క్రిస్టల్ వయొలెట్ ఎందుకు ఉంటాయి? చవక, సులువుగా దొరుకుతాయి, రంగు కొలిచే యంత్రంలో స్పష్టమైన శిఖరం చూపిస్తాయి, అన్నిటికీ మించి ఫలితం బాగా వస్తుంది. ఆ రంగులు నిజంగా వాడేచోట్లు లేకపోలేదు. లూధియానా వైపు అక్రిలిక్ ఉన్నికి వేసేవి ధనావేశం ఉన్న రంగులే. కొబ్బరి పీచుకూ, తుంగ చాపలకూ బేసిక్ రంగులు వేసేవారున్నారు. అటువంటి యూనిట్ మీదైతే ఈ సమాధానం రెండు వాక్యాల్లో ముగిసేది: బెంటోనైట్ కొనండి, వాడండి. కాంగో రెడ్ మీద వచ్చే పత్రాలు మీకు కొంత దగ్గరగా అనిపించవచ్చు, అది రుణావేశం ఉన్నదే. కానీ బెంజిడిన్ నుంచి తయారయ్యే ఆ రంగును ఇప్పుడు ఏ బాధ్యత గల అద్దకందారూ నూలుకు వేయడు.

98 శాతం అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. లీటరుకు 50 మిల్లీగ్రాముల రంగున్న డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల మట్టి కుమ్మరిస్తే ఎవరికైనా 98 శాతం వస్తుంది. అప్పుడు మట్టి పట్టింది గ్రాముకు 10 మిల్లీగ్రాములే. శాతాన్ని కాదు, గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ మిగులు గాఢత దగ్గర, ఎంత ఉప్పు సమక్షంలో అని చూడాలి. పట్టికలో కనిపించే గరిష్ఠ సామర్థ్యం నీళ్ళలో రంగు దండిగా ఉన్నప్పటిది; మీకు కావలసింది నీళ్ళు దాదాపు తేరిపోయిన స్థితిలో మట్టి ఎంత పడుతుందన్నది, అది ఎప్పుడూ తక్కువే. లీటరుకు ఒక మిల్లీగ్రాము రంగు మిగిలినా కంటికి కనిపిస్తుందని గుర్తుంచుకోండి. అలాగే చాలా పత్రాల చివర, ప్రక్రియ ఫలానా గతి సమీకరణానికి (రంగు ఎంత వేగంగా పడుతుందో చెప్పే సూత్రానికి) సరిపోయింది కాబట్టి రసాయన బంధమే ఏర్పడింది అని తేలుస్తుంటారు. ఆ గీత గీసే పద్ధతిలో చివరి బిందువులు దాదాపు ఏ దత్తాంశంతోనైనా సరళరేఖ మీదకే వస్తాయి, దాన్నిబట్టి బంధం ఏమిటో తేల్చలేం. మీరు ఆ భాగం చదవకుండా దాటేసినా నష్టం లేదు.

మీ నీళ్ళలో నిజంగా ఏముందో ఒకసారి లెక్కవేద్దాం. కిలో నూలుకు 20 లీటర్ల తొట్టి, 2 శాతం షేడు (నూలు బరువులో 2 శాతం రంగు), రంగు నూలును పట్టేందుకు లీటరుకు 50 గ్రాముల ఉప్పు అనుకుందాం. అంటే కిలో నూలుకు 20 గ్రాముల రంగు, 1 కిలో ఉప్పు. రంగులో 30 శాతం నూలుకు అతుక్కోకుండా నీళ్ళతో కలిసి చెడిపోతుందనుకుంటే కాలవలోకి పోయే రంగు 6 గ్రాములు, పోయే ఉప్పు మాత్రం మొత్తం కిలో. రోజుకు 100 కిలోల నూలు మీద 600 గ్రాముల రంగు, 100 కిలోల ఉప్పు. దీన్ని మీ 10,000 లీటర్లలో పంచితే రంగు లీటరుకు 60 మిల్లీగ్రాములు, ఉప్పు ఒక్కటే 10,000 మిల్లీగ్రాములు. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వస్త్ర పరిశ్రమ ప్రమాణాల్లో కరిగిన లవణాలకు పరిమితి లీటరుకు 2,100 మిల్లీగ్రాములు, రంగుకు 150 ప్లాటినం కోబాల్ట్ యూనిట్లు (నీళ్ళ రంగును కొలిచే ప్రమాణం). మట్టి, పటిక, కార్బన్ ఏది వాడినా తీసేది ఆ 600 గ్రాములనే. ఉప్పును ఇవేవీ ముట్టుకోవు. నీళ్ళు గాజులా మెరిసినా అవి ఉప్పునీళ్ళే. రంగు పోయింది కదా అని కాలవలోకి వదిలే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోవాలి.

ఇక రియాక్టివ్ రంగును మట్టితో పట్టే మార్గాలు. ఎక్కువగా చెప్పేది ఆర్గానో క్లే. పొడవైన కొవ్వు తోక, ధనావేశపు తల ఉన్న సీట్రిమోనియం బ్రోమైడ్ వంటి రసాయనాన్ని బెంటోనైట్‌లోకి ఎక్కిస్తారు. సోడియం స్థానంలో అది కూర్చుంటుంది. మట్టి సామర్థ్యానికి మించి ఎక్కిస్తే తోకలు తోకలతో పెనవేసుకుని రెండో వరస ఏర్పడుతుంది, దాని తలలు బయటికి తిరిగి ఉంటాయి కనుక మట్టి పైభాగం ధనావేశానికి మారుతుంది. అప్పుడు రియాక్టివ్ రంగు చక్కగా అతుక్కుంటుంది. ప్రయోగశాలలో చూడముచ్చటగా ఉంటుంది, మీ షెడ్డుకు మాత్రం నేను దీన్ని సలహా ఇవ్వను. 100 మిల్లీ ఈక్వివలెంట్ల మట్టి కిలోకు ఒక వరస నింపడానికే దాదాపు 364 గ్రాముల రసాయనం కావాలి, రెండో వరసకు ఇంకా కావాలి; దానితో మట్టి చవక అన్న మాట అక్కడే ముగుస్తుంది. పైగా ఆ రెండో వరస గట్టిగా అతుక్కుని ఉండేది కాదు, ఉప్పునీళ్ళలో కొంత కొంత వదులుతూ ఉంటుంది. ఈ జాతి రసాయనాలు చేపలకు విషం. శుద్ధి చేసిన నీళ్ళను మళ్ళీ అద్దకానికి వాడాలనుకుంటే చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే నీళ్ళలో మిగిలిన ఆ ధనావేశపు రసాయనం తర్వాతి తొట్టిలోని రంగును నూలు చేరకముందే పట్టేసుకుంటుంది, చిలప మచ్చలు మచ్చలుగా వస్తుంది.

రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను మట్టితో కలిపి వాడే పద్ధతి మన కోస్తాకు ఆకర్షణీయమైనదే; భీమవరం, కాకినాడ వైపు రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో పెంకులకు కొదవలేదు. కైటోసాన్ పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది, దాని అమైన్ గుంపులు పీహెచ్ 6 కంటే కిందికి వస్తే ధనావేశం పొంది రుణావేశపు రంగును పడతాయి. అంటే మీ క్షార నీళ్ళను ముందు ఆమ్లంతో అంత కిందికి దించాలి. చేయవచ్చు, ఆమ్లం ఖర్చు చూసుకోవాలి. ఇక పొరల జంట హైడ్రాక్సైడ్లు అని మరో జాతి ఉంది, హైడ్రోటాల్సైట్ దాని ప్రతినిధి. దీని పొరలకే ధనావేశం కనుక రుణావేశపు రంగుకు ఇదే సరైనదని అనిపిస్తుంది. 450, 500 డిగ్రీల వేడిలో కాల్చి నీళ్ళలో వేస్తే, పోయిన నిర్మాణాన్ని మళ్ళీ కట్టుకుంటూ దారిలో దొరికిన రుణ అయాన్లను లోపలికి లాక్కుంటుంది. అయితే దానికి అన్నిటికంటే ఇష్టమైన అయాన్ కార్బొనేట్, ఆ తర్వాతిది సల్ఫేట్. మీ తొట్టిలో సోడా యాష్ వల్ల కార్బొనేట్, కొందరి తొట్టిలో ఉప్పుకు బదులు గ్లాబర్ సాల్ట్ వల్ల సల్ఫేట్, గ్రాముల కొద్దీ ఉంటాయి. మిల్లీగ్రాముల్లో ఉన్న రంగుకు ఇక చోటెక్కడిది? ఆమ్లంతో ఉడికించిన మట్టి, అంటే నూనె మిల్లుల్లో నూనె తెల్లబరచడానికి వాడేది, దాని ఉపరితలం పెరుగుతుంది గానీ అయాన్ల మార్పిడి సామర్థ్యం తగ్గుతుంది. మీ పనికి అది ప్రత్యేకించి మేలు చేసేదేమీ లేదు.

మీవంటి యూనిట్‌లో బెంటోనైట్‌కు నేను చూసిన సరైన స్థానం వేరు. అది రంగును పట్టేది కాదు, పట్టిన రంగును అడుగుకు దించేది. రియాక్టివ్ రంగు పటికకు సరిగా లొంగదు కాబట్టి, మార్కెట్లో డీకలరెంట్ పేరుతో అమ్మే ద్రవాన్ని చాలా శుద్ధి కేంద్రాలు వాడుతున్నాయి. అది ధనావేశం ఉన్న పాలిమర్, సాధారణంగా డైసయన్‌డయమైడ్, ఫార్మాల్డిహైడ్‌ల రెసిన్. అది రంగుతో కలిసి కరగని ముద్ద అవుతుంది. చిక్కేమిటంటే ఆ ముద్ద పొగలాగా సన్నగా ఉండి, గంటలు గడిచినా దిగదు. ఇంకో చిక్కు, పాలిమర్ కొంచెం ఎక్కువ పడితే మిగిలినది నీళ్ళలోనే ఉండిపోయి సీఓడీని, అంటే నీళ్ళలోని కాలుష్యాన్ని ఆక్సిజన్ అవసరంగా చూపే కొలతను, పెంచుతుంది. ఇక్కడ నానబెట్టిన బెంటోనైట్ వేస్తే రెండు పనులూ జరుగుతాయి: రుణావేశం కనుక ఆ ముద్దలను తనకు అతికించుకుని బరువెక్కి దిగుతుంది, మిగిలిన పాలిమర్‌నూ పట్టేసుకుంటుంది. క్రమం మాత్రం తప్పకూడదు. మట్టిని ముందు వేస్తే పాలిమరంతా మట్టికే ఖర్చయి రంగు అలాగే మిగులుతుంది.

మోతాదు నేను ఇక్కడి నుంచి చెప్పలేను, జార్ టెస్ట్ చేసి మీరే తేల్చుకోవాలి. అయిదారు గాజు జాడీల్లో అర లీటరు చొప్పున నీళ్ళు తీసుకుని, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 7 దగ్గరికి తీసుకురండి. సోడా యాష్ ఉన్న నీళ్ళలో ఆమ్లం పడగానే బుసబుస పొంగుతుంది, నెమ్మదిగా పోయండి. పెద్ద తొట్టిలో చేసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. పాలిమర్‌ను లీటరుకు 100 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఒక్కో జాడీకి ఒక్కో మోతాదు వేసి రెండు నిమిషాలు వేగంగా కలిపి, తర్వాత 5 శాతం బెంటోనైట్ నానబెట్టిన నీళ్ళ నుంచి లీటరుకు 300 మిల్లీగ్రాముల మట్టి వచ్చేలా పోసి, పావుగంట నెమ్మదిగా తిప్పి, అరగంట వదిలేయండి. అన్నిటికంటే తక్కువ పాలిమర్‌తో తేరిన జాడీ మీది. ఆ తేట నీళ్ళను కొంచెం గ్లాసులోకి తీసి అందులో మీ అసలు రంగునీళ్ళు నాలుగు చుక్కలు వేయండి. చుక్క పడిన చోట మబ్బు కట్టితే పాలిమర్ ఎక్కువైందని అర్థం, అప్పుడు మోతాదు తగ్గించండి లేదా మట్టి కొంచెం పెంచండి. నలుపు వేసిన రోజుకూ పసుపు వేసిన రోజుకూ ఒకే మోతాదు సరిపోదు. మంచి నీళ్ళలో సోడియం బెంటోనైట్ రోజుల తరబడి తేలుతూ ఉండిపోతుంది, మీ నీళ్ళలోని ఉప్పు దాన్ని ముద్ద కట్టించి త్వరగా దించుతుంది. ఉప్పు వల్ల మీకు కలిగే మేలు ఇదొక్కటే.

ఈ పద్ధతికి రోజుకు 3 కిలోల బెంటోనైట్ చాలు. లారీ లోడు తెప్పిస్తే ఏళ్ళ తరబడి మీ షెడ్డులోనే ఉంటుంది. ముందు రెండు బస్తాలు తెచ్చుకుని చూడండి.

బురద సంగతి ముందే ఆలోచించి పెట్టుకోవాలి, నీళ్ళు తేరిన సంతోషంలో దీన్ని మరచిపోయేవారే ఎక్కువ. మట్టి, పాలిమర్, రంగు కలిపి పొడిబరువు రోజుకు 5, 6 కిలోలే అయినా, అది అడుగున దిగినప్పుడు 5 శాతం ఘనపదార్థమే ఉంటుంది కనుక రోజుకు 100 లీటర్లకు పైగా ముద్ద పోగవుతుంది. బెంటోనైట్ నీళ్ళను అంత తొందరగా వదిలే మట్టి కాదు, ఇసుక పడకల మీద ఎండబెట్టాలి, వానాకాలంలో రేకుల కప్పు కావాలి. ఎండిన బురద 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం షెడ్యూలు వ్యర్థం. అనుమతి ఉన్న చోటికే పోవాలి. మన రాష్ట్రంలో విశాఖ దగ్గర పరవాడలో అటువంటి కేంద్రం ఉంది, సిమెంటు బట్టీల్లో కాల్చే మార్గమూ ఉంది, పల్నాడు మీకు దూరం కాదు. ఇటుకల మట్టిలో కలిపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే, మీరు వేసే రంగుల్లో టర్కాయిస్ నీలం ఉందేమో ముందు చూసుకోండి. అది రాగి ఉన్న థాలోసయనిన్ రంగు. కాల్చినా రాగి ఎక్కడికీ పోదు.

ఉప్పుకు మట్టితో మందు లేదని చెప్పాను, మరి ఏం చేయాలి? మొదటి తొట్టి నీళ్ళను, జాడింపు నీళ్ళను కలపకుండా వేరువేరు కాలవల్లో తీసుకోండి. ఉప్పులో సింహభాగం మొదటి తొట్టిలోని 2,000 లీటర్లలో ఉంటుంది, మిగతా 8,000 లీటర్ల జాడింపు నీళ్ళలో తక్కువ. వేరు చేస్తే ఆ 8,000 లీటర్లను పైన చెప్పిన పద్ధతిలో తేర్చి, తొలి జాడింపులకు తిరిగి వాడుకునే వీలు కలుగుతుంది. 2,000 లీటర్లకు ఎండ మడి కట్టుకోవచ్చు. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే చదరపు మీటరుకు 5 లీటర్లు, అంటే 400 చదరపు మీటర్లు, సుమారు 10 సెంట్ల స్థలం; ఉప్పు చిక్కబడ్డకొద్దీ ఆవిరి తగ్గుతుంది, వానల్లో ఆగిపోతుంది, కాబట్టి ఇంతకు ఎక్కువే వేసుకోండి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్ట తప్పనిసరి. తొట్టిలో నీళ్ళు 20 లీటర్ల నుంచి 10 లీటర్లకు తగ్గించగలిగితే ఉప్పూ సగం, మడీ సగం. నా దృష్టిలో డబ్బు పెట్టవలసింది ముందు అక్కడే. తిరుప్పూరులో అద్దకం యూనిట్లను 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు మూయించినప్పుడు అక్కడ నొయ్యల్ నది సమస్యలో రంగుతో పాటు ఈ ఉప్పుదే పెద్ద వాటా. తర్వాత వారు రివర్స్ ఆస్మోసిస్, ఆవిరి యంత్రాలు పెట్టుకుని, తిరిగి వచ్చిన ఉప్పునీళ్ళను మళ్ళీ అద్దకానికే వాడుకుంటున్నారు. ఒక్క యూనిట్ మోయలేని ఖర్చు అది, మీ చుట్టుపక్కల అద్దకందారులు పది మంది కలిస్తే ఉమ్మడి శుద్ధి కేంద్రం గురించి అడగవచ్చు.

చివరగా మీ రేగడి భూమి. రేగడిలోని బంక కూడా ప్రధానంగా మాంట్‌మోరిలోనైట్ కుటుంబానిదే. వేసవిలో కాలు దిగబడేంత పగుళ్ళు, వానకు పగుళ్ళన్నీ పూడి ఉబ్బడం ఆ ఖనిజం వల్లే. కాబట్టి మట్టే రంగును పడుతుందన్న మీ ఊహ పూర్తిగా నిరాధారం కాదు, మీ రంగులు ధనావేశంవైతే పట్టేది కూడా. మీ నీళ్ళు పోస్తే మాత్రం అది రంగును వదిలేసి సోడియాన్ని పడుతుంది. ఇప్పుడు ఆ పొరల మధ్య ఉన్నది ఎక్కువగా కాల్షియం, దాని వల్లే రేగడి గుల్లగా రవ్వలు రవ్వలుగా విరుగుతుంది. లీటరుకు గ్రాముల కొద్దీ ఉప్పు, పైన సోడా యాష్ క్షారం రోజూ పారితే కాల్షియం తప్పుకుని సోడియం చేరుతుంది, సోడా యాష్ బయటికి వచ్చిన కాల్షియాన్ని సున్నపురాయిగా బిగించేస్తుంది. తర్వాతి వానకు ఆ మట్టి రవ్వలు విడిపోయి, సన్నని బంక రంధ్రాలను పూడ్చి, పైన అట్ట కట్టి, నీరు ఇంకని చౌడుగా మారుతుంది. అలా మారకముందే దిగిన ఉప్పు, రంగు పగుళ్ళ గుండా పక్కవారి బోరు దాకా పోతాయి. ఇప్పటికే కొంతకాలం వదిలి ఉంటే ముందు ఆపేసి, ఆ మట్టినీ, దగ్గరి బోరు నీళ్ళనూ భూసార పరీక్ష కేంద్రంలో చూపించి, మార్పిడి సోడియం శాతం (మట్టి పట్టుకున్న ధన అయాన్లలో సోడియం వాటా) ఎంతో తెలుసుకోండి. 15 శాతం దాటి ఉంటే జిప్సం వేసి మంచి నీళ్ళతో కడగవలసి ఉంటుంది, ఎకరానికి ఎంత వేయాలన్నది ఆ పరీక్ష కాగితంలోనే రాసిస్తారు.